రామ్ తర్వాత రెండు

నందిని గనుల అవతల ఒక పల్లెలో వారసత్వ గది పెట్టారు. అక్కడి గాజు పెట్టెలో ఒక కాఠా ఉండేది. ధాన్యం కొలిచే చెక్క పాత్ర, మన కుంచం లాంటిది. ఇరవై కాఠాలు ఒక ఖండీ. దాన్ని ఇచ్చిన ముసలి రైతు తాతముత్తాతలు ఊరందరి పంటా కొలిచినవాళ్ళు.

ఆ గది పెట్టిన లెక్చరర్, మాలాగే ఈ హిందీ ప్రాంతానికి వలసొచ్చినవాళ్ళ ఇంట ఇక్కడే పుట్టిన తెలుగువాడు. నాకు ఒక వీడియో పంపి, "లెక్క మీరు చూడండి భయ్యా" అన్నాడు. నేను పనిచేసే హథ్‌ఖోజ్ వర్క్‌షాపులో నా కొలత తప్పదని పేరు. వీడియోలో రైతు ఒక ఖండీ కొలుస్తున్నాడు. కెమెరా అతని ముఖం మీదే ఉంది, చేతులు కనబడవు. ముందు "రామ్" అన్నాడు, తరవాత "దో, తీన్" అన్నాడు. దండం పెట్టుకుని మొదలుపెట్టాడనుకున్నాను. అంకె వినబడ్డప్పుడల్లా ఒక గీత గీశాను. "బీస్" దగ్గర ఆగాడు. మూడుసార్లు చూశాను. అతను ఇరవై అన్నా, మూడుసార్లూ పంతొమ్మిదే గీతలు. అదే రాసి పంపాను.

ఈ ఊరి కొలతగాళ్ళు ఖండీకి ఒక కాఠా మింగేవారని లెక్చరర్ ఏకంగా బోర్డు అచ్చు వేయించాడు. రైతును ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు. గది ప్రారంభం రోజున రైతుకు అతని మనవరాలు ఆ బోర్డు చదివి వినిపించింది. అతను నా వైపు తిరిగి, "రామే ఒకటి, బేటా. కొలిచేటప్పుడు ఒకటిని ఒకటి అనం" అన్నాడు హిందీలో.

రుఆబాంధాలోని మా ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. బియ్యం చెరుగుతున్న చేట ఆపింది.

"ఏటిరా, మీ తాత కళ్ళంలో 'లాభం, రెండు, మూడు' అని కొలిచీవోడు కదా. ఆ లాభాన్నీ లెక్కలోంచి తీసీసినావేటి?"

ఒళ్ళు మండింది, ముందు నా మీదే. శ్రీకాకుళం వైపు ఆ కళ్ళంలో కూర్చుని విన్నవాణ్ణి నేను. మర్నాడు లెక్చరర్ దగ్గరికి వెళ్ళి, తప్పు నాది, బోర్డు తీయించమన్నాను.

"ఛప్ గయా, అచ్చయిపోయింది కదా భయ్యా, ఇప్పుడేటి చేస్తాం? ఒక్క కాఠాయే కదా."

"దొంగతనమని రాసినప్పుడు ఆ ఒక్కటీ చిన్నదనిపించలేదేటి బాబూ?"

అతను ఫోను చూసుకున్నాడు.

"ఇరవై. పంతొమ్మిది అన్నది నా తప్పు. కొలిచినవాళ్ళు దొంగలు కారు" అని హిందీలో రాసి, కింద సంతకం పెట్టి, బోర్డు మీద అంటించాను. ఆదివారానికి చింపేశారు. మళ్ళీ అంటించాను. ఇప్పటికి నాలుగు కాగితాలు పోయాయి. రైతు తన కాఠా పట్టుకుపోయాడు. ఖాళీ పెట్టె మీద బోర్డు మాత్రం ఉంది.

ఈ ఆదివారం జిగురు తీసుకెళ్ళను, స్క్రూడ్రైవర్ తీసుకెళ్తాను. బోర్డుకు ఆరు స్క్రూలున్నాయి. వేలుపెట్టి తడిమి మరీ లెక్కపెట్టుకొచ్చాను.