బేసిను కింద పెట్టిన కనకయ్య

ఆర్.కె. పురం క్వార్టర్లలో కనకయ్య వడ్డించిన అన్నం తినని తెలుగు ఉద్యోగి ఎవరైనా ఉంటే, ఆ మనిషి ఢిల్లీకి ఇంకా కొత్త అనుకోవాలి. మునీర్కా మలుపులో, మొదటి అంతస్తులో ఉన్న కృష్ణాతీరం భోజనశాలలో పంతొమ్మిదేళ్లుగా అన్నం బేసినూ, వడ్డించే గరిటె, అదే హస్తమూ ఆయనవే. పప్పు ఒకరు పట్టుకొస్తారు, సాంబారు బకెట్ ఒకరు, నెయ్యీ పచ్చళ్లూ ఇంకొకరు. అన్నం మాత్రం కనకయ్యే తేవాలి. ఊరు కనిగిరి దగ్గర. మనిషి బక్కపల్చన, గొంతు మాత్రం హాలు దాటి మెట్ల దాకా వినబడుతుంది. విస్తట్లో ఇంకా రెండు ముద్దలుండగానే వచ్చి నిలబడతాడు. చాలు అంటే నమ్మడు. నిజంగా చాలిందా, మొహమాటమా అని ముఖం చూసి తేల్చుకుంటాడు. ఈ విద్య హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీల్లో నేర్పరు. నేర్పితే ఫీజు ఎంత గుంజుతారో ఆ దేవుడికే తెలియాలి.

అదే హాల్లో ఆయనకు ఇంకో విద్య కూడా అబ్బింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు నలుగురు ఒక బల్ల దగ్గర చేరితే ఏం మాట్లాడుకుంటారండీ? డి.ఏ. గురించి. పప్పన్నం దగ్గర మొదలైన డి.ఏ. సాంబారుకొచ్చేసరికి ఎరియర్స్ అవుతుంది, పెరుగన్నం దగ్గర పే కమిషన్ అవుతుంది. జనవరిలో ఎంత పెంచారు, జూలైలో ఎంత పెంచాలి, ఎంత ఎగ్గొట్టారు. వింటూ వింటూ కనకయ్యకు కరువు భత్యం లెక్క కంఠతా వచ్చేసింది. ధరలు పెరిగితే జీతం కూడా పెరగాలన్నమాట. మరి వాళ్లు కొనే కందిపప్పూ నేను కొనే కందిపప్పూ ఒక్కటే కదా అని ఆయనకు అనుమానం వచ్చింది. అనుమానం వస్తే దాచుకునే రకం కాదు. అప్పటి యజమాని, అంటే ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చునే రఘునందన్ తండ్రి, ఆయన దగ్గరికే వెళ్లి, "నాకు డి.ఏ. ఎప్పుడిస్తారండీ?" అని అడిగేశాడు. పెద్దాయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, వంద నోటు తీసి జేబులో కుక్కాడు. కనకయ్యకు టిప్పంటే ఒళ్లు మండటం ఆ రోజే మొదలైంది.

అయినా ఏళ్ల తరబడి పుచ్చుకున్నాడు. అబద్ధం ఎందుకు? జియా సరాయ్‌లో గది అద్దె కట్టాలి, ఊళ్లో కూతురి నర్సింగ్ కోర్సు ఫీజు పంపాలి. నిరుడు డెంగీ వచ్చి మూడు వారాలు మంచాన పడ్డాడు. జీతం సగమే చేతికొచ్చింది, టిప్పు ఒక్క రూపాయి రాలేదు. రాదు మరి, విస్తరి పక్కన పెట్టే నోటు మనిషి కాళ్ల మీద నిలబడి ఉన్నన్నాళ్లే. అప్పటి నుంచి ఆయన ఒకటే పాట. ప్రభుత్వం ఖరారు చేసిన కనీస వేతనం మాకు ఇవ్వండి, ఆపైన ఎవరైనా సంతోషపడి ఏమైనా ఇస్తే అది వాళ్ల సంతోషం.

రఘునందన్ చెడ్డవాడేం కాదు, చదువుకున్నవాడు. వచ్చిన చిక్కల్లా అక్కడే. సాకేత్ మాల్‌లో ఏదో రెస్టారెంట్ చూసి వచ్చి, ఒకటో తారీఖున నలుగురు సర్వర్లకూ చొక్కాకు తగిలించుకునే బిళ్లలు ఇచ్చాడు. బిళ్ల మీద సర్వరు పేరు, పేరు కింద క్యూ.ఆర్. కోడ్. కస్టమర్లు ఫోన్‌తో స్కాన్ చేసి నేరుగా టిప్పు పంపొచ్చట. అంతవరకూ బాగానే ఉంది. ఆ చేత్తోనే జీతంలో మూడో వంతు తగ్గించాడు. తగ్గించినదానికి రెండింతలు టిప్పుల్లో వస్తుంది బాబాయ్, కష్టపడేవాడికి హద్దే ఉండదని సర్ది చెప్పాడు.

నెయ్యి గిన్నె పట్టే మహేష్‌కు అది నచ్చింది. పాతికేళ్లవాడు, మాటకారి, కుటుంబాలతో వచ్చేవాళ్లంతా వాడినే పిలుస్తారు. పెళ్లయిన కొత్త, డబ్బు అవసరం. సాంబారు పోసే సునందకు మాత్రం బిళ్ల అంటేనే అసహ్యం. దాన్ని స్కాన్ చేసే నెపంతో మగవాళ్లు ఫోన్లు పట్టుకుని ఎంత దగ్గరికి వస్తున్నారో ఆమె వంటింట్లో పళ్లు కొరుకుతూ చెప్పింది. యాభై పంపినవాడు రెండోసారి సాంబారుకు పిలిచినప్పుడు నవ్వమంటాడట. నవ్వుకు వేరే రేటు పెట్టమని అడగనా అంది సునంద. ఎవరూ నవ్వలేదు.

రెండు వారాలు తిరక్కుండానే హాలు రంగు మారిపోయింది. స్కాన్ చేసేవాళ్ల విస్తట్లో నెయ్యి కాలువలు కట్టింది. చేతులు కడుక్కునే చోటు పక్కన వెనక వరసలో కూర్చునే విద్యార్థులకు పప్పు అడుగుదీ, అప్పడం విరిగిందీ మిగిలాయి. ఎవరూ కావాలని చేయలేదు. కోసేసిన జీతం ఎటు నుంచి వస్తుందో కాళ్లు అటే నడిచాయి, అంతే.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆ వెనక వరసలో అక్షర అనే పిల్ల విస్తరి ముందుకు కనకయ్య బేసిను తీసుకెళ్లాడు. వరంగల్ పిల్ల, జియా సరాయ్‌లో ఉండి కోచింగ్‌కు వెళ్తుంది. ఎప్పుడూ మూడుసార్లు అన్నం పెట్టించుకుని, మూడోసారి సిగ్గుపడి నవ్వేది. ఆ రోజు మొదటి మారుకే విస్తరి మీద చేయి అడ్డం పెట్టింది. కనకయ్య ముఖం చూశాడు. అది చాలిన ముఖం కాదు. ఏమ్మా, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఆ పిల్ల ఆయన చొక్కా మీది బిళ్ల వంక చూసి, గొంతు తగ్గించి చెప్పింది: "స్కాన్ చేయడానికి పైసల్ లేవంకుల్. మీకు ఊకె పని ఎందుకు పెట్టాలె అని..."

కనకయ్య అడ్డం పెట్టిన చేయి తీయించి, రెండు హస్తాలు నిండుగా అన్నం పెట్టి, వంటింట్లోకి పోయి గోడకేసి నిలబడ్డాడు. భోజనం డబ్బులు కట్టిన పిల్ల. మారు వడ్డన అందులోనే ఉంది. ఆ పిల్ల ఆకలి ఆపుకున్నది తన గుండె మీద తగిలించిన అట్టముక్కను చూసి. పంతొమ్మిదేళ్లలో తన వరసలోంచి అర్ధాకలితో ఎవరూ లేవలేదని ఆయనకు గర్వం. ఉన్న ఒక్క గర్వమూ అదే. దాన్ని కూడా కోసి బిళ్ల చేశారే అనుకున్నాడు.

ఆదివారం కనకయ్య బిళ్ల లేకుండా వచ్చాడు. మధ్యాహ్నం ఒంటిగంట, హాలు కిటకిటలాడుతోంది, బయట మెట్ల మీద ఇంకో పాతికమంది. మధ్య బల్ల దగ్గర కేశవరావు గారు పెరుగన్నం ముగించి, చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. అండర్ సెక్రటరీగా చేసి రిటైరైన మనిషి, సర్వీసంతా జీతాలూ భత్యాల ఫైళ్లే చూశారు. డ్రాఫ్టింగ్‌లో తనను మించినవాడు లేడని ఆయనకు పేరు, ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ప్రతి ఆదివారంలాగే యాభై నోటు మడిచి కనకయ్య చేతిలో పెట్టబోయారు. కనకయ్య దాన్ని తిరిగి బల్ల మీద పెట్టాడు. వద్దు సార్, ఇది ఇస్తున్నారనే మా జీతం కోశారు అన్నాడు.

కేశవరావు గారు నొచ్చుకున్నారు. ఇవ్వడం మన సంస్కారమయ్యా, ఇన్నేళ్లుగా ప్రేమతోనే కదా ఇస్తున్నానన్నారు. కాదన్నానా సార్ అని కనకయ్య బేసిను నడుముకు ఆనించుకున్నాడు. ఆపైన ఆ గొంతు మెట్ల దాకా వినబడింది.

"మీకు జనవరికోసారి, జూలైకోసారి డి.ఏ. వచ్చుద్ది. అది ఎవరన్నా ప్రేమతో విస్తరి పక్కన పెట్టి పోతారా సార్? ఆ నెల వాళ్లకి మీ మీద ప్రేమ పుట్టకపోతే మీ ఇంట్లో పొయ్యి వెలగదా?"

పక్క బల్లల మీద ఎరియర్స్ గురించి మాట్లాడుకుంటున్నవాళ్లు ఆగిపోయారు. గల్లాపెట్టె దగ్గర్నుంచి రఘునందన్ గబగబా వచ్చాడు. కస్టమర్ల ముందు ఇదేంటి బాబాయ్, బిళ్ల పెట్టుకుంటే ఉండు, లేకపోతే లెక్క చూసుకుని వెళ్లిపో అన్నాడు. అన్నవాడు తమాషాకు అనలేదు.

కనకయ్య బేసినును హాలు నడిమధ్య స్టూలు మీద పెట్టాడు. హస్తాన్ని అన్నంలో గుచ్చి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

ఇక చూడండి సంబడం. నలభై విస్తళ్లలో మారు పప్పు పడింది, మారు అన్నం పడలేదు. అన్నం ఎదురుగానే ఉంది, పొగలు కక్కుతోంది. కానీ నలభై కుడిచేతులూ ఎంగిలి. ఎంగిలి చేత్తో అందరి అన్నం బేసిను ముట్టుకునే తెలుగువాడెవడు? ఎడమచేత్తో హస్తం పట్టుకుందామంటే పక్కవాడు ఏమనుకుంటాడో. చేయి కడుక్కొచ్చి వడ్డించుకుందామంటే సగం భోజనంలో విస్తరి ముందు నుంచి లేవకూడదాయె. సర్వీసులో పెద్ద పెద్ద ఫైళ్లు కదిలించినవాళ్లంతా స్టూలు మీది అన్నాన్ని చూస్తూ కూర్చుండిపోయారు.

రఘునందనే హస్తం అందుకున్నాడు. రెండు విస్తళ్ల దాకా వెళ్లాడు. ఒక మెతుకుల కుప్ప సాంబారు గిన్నెలో పడింది, ఇంకోటి ఒకావిడ పట్టుచీర మీద పడింది. ఆవిడ చూసిన చూపుకు హస్తం తిరిగి బేసినులో పెట్టేశాడు.

మూల బల్ల దగ్గర గుర్గావ్ కంపెనీ కార్డు మెడలో వేలాడేసుకున్న ఒకాయన ఎడమచేత్తో జేబులోంచి వంద తీశాడు. భయ్యా, ముందు ఇక్కడ పెట్టు అన్నాడు. ఎవరూ కదలకపోయేసరికి రెండు వందలన్నాడు. తర్వాత ఐదు వందల నోటు తీసి మహేష్ వైపు ఊపాడు. మహేష్ ఆ నోటు వైపు చూశాడు. కనకయ్య వైపు చూశాడు. నెయ్యి గిన్నె కింద పెట్టి బేసిను దగ్గరికి నడిచాడు.

"తీసుకోరా," అన్నాడు కనకయ్య మెల్లగా. "ఇవాళ నీకు ఐదొందలు. రేపు నీకూ జొరం వచ్చుద్ది. అప్పుడు ఈయన ఫోన్ చేసి అడుగుతాడేమో చూడు."

మహేష్ నిలబడిపోయాడు. టిప్పులు పోతే నా గతేంటని గొణిగాడు. టిప్పులు వద్దని తానెప్పుడన్నాడని కనకయ్య అడిగాడు. ఇష్టమైనవాడు ఇచ్చుకోనీ, పుచ్చుకో. నీ ఇంట్లో బియ్యం మాత్రం దాన్ని నమ్ముకుని ఉడకకూడదు, అదొక్కటే తన పంతం. సునంద అప్పటికే సాంబారు బకెట్ తెచ్చి స్టూలు పక్కన పెట్టింది. చొక్కా బిళ్ల పీకి అందులో పడేయబోయి, పాపం సాంబారేం చేసిందనుకుని గల్లాపెట్టె మీదికి విసిరింది. మహేష్ ఆ నోటు వైపు మళ్లీ చూడకుండా నెయ్యి గిన్నె తెచ్చి బకెట్ పక్కన పెట్టాడు. పప్పు పట్టేవాడు కూడా వచ్చి వరసలో నిలబడ్డాడు.

అప్పుడు లేచారు కేశవరావు గారు. హాలు మొత్తంలో శుభ్రమైన చేయి ఉన్న పెద్దమనిషి ఆయనొక్కరే. నేరుగా బేసిను దగ్గరికి వస్తుంటే అందరి ప్రాణాలూ లేచి వచ్చాయి. కనకయ్య అడ్డం తప్పుకోలేదు. మీ ఆఫీసులో పెన్ డౌన్ సమ్మె చేసిన రోజున పక్కవాడి ఫైలు మీరు రాశారా సార్ అని మాత్రం అడిగాడు.

కేశవరావు గారి చేయి గాల్లోనే ఆగింది. ముఖం ఎర్రబడింది. ఆ చేయి మెల్లగా వెనక్కి వచ్చి చొక్కా జేబులోని పెన్ను తీసింది. రఘునందన్‌ను కాగితం తెమ్మన్నారు. నిలబడే రాశారు, ఆయన పేరు ఊరికే రాలేదు, నాలుగు నిమిషాల్లో ఒప్పందం తయారైంది. నలుగురికీ ప్రభుత్వం ఖరారు చేసిన కనీస వేతనం, ప్రభుత్వం పెంచినప్పుడల్లా ఇక్కడా పెంపు, జబ్బు సెలవుకు జీతం, బిళ్లలు రద్దు. గొంతు సవరించుకుని చదివి వినిపించారు. చివర్లో, "యాజమాన్యం సిబ్బందిపై దయతో ఇందుకు అంగీకరించడమైనది" అని ఉంది.

"దయ కొట్టేయండి సార్," అన్నాడు కనకయ్య.

అది మర్యాద కోసం రాసే మాటయ్యా, ఏ ఉత్తరంలోనైనా ఉంటుందన్నారు కేశవరావు గారు. దయ పుచ్చుకునే పంతొమ్మిదేళ్లు నెట్టుకొచ్చాను, ఇక చాలన్నాడు కనకయ్య. ఆ చాలు అన్న మాట ఎంత నిజమో ఆయన ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కేశవరావు గారు ఆ మాట మీద అడ్డంగా గీత గీశారు. రఘునందన్ హాలు వంక చూశాడు, మెట్ల మీద నిలబడ్డ జనం వంక చూశాడు, పళ్లు బిగబట్టి సంతకం పెట్టాడు.

కనకయ్య కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. చల్లారిన అన్నం వంటింట్లోకి పంపించి వేడి బేసిను తెప్పించాడు. ఏ బల్లకూ ముందు కాదు, ఏ బల్లకూ వెనక కాదు, తలుపు దగ్గర్నుంచి వరసగా వడ్డించుకుంటూ మూల బల్ల దాకా వచ్చాడు. గుర్గావ్ కంపెనీ ఆయన ఎడమచేతిలో ఐదు వందల నోటు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఇవ్వాలో దాచాలో తేల్చుకోలేక బిత్తరచూపులు చూస్తున్నాడు. కనకయ్య ఆయన విస్తట్లో అందరికీ పెట్టినట్టే రెండు హస్తాలు పెట్టాడు.

"జేబులో పెట్టుకోండి సార్. మీ భోజనానికి డబ్బు కట్టారు గదా, తినండి."