సబ్బులో ఎన్ని రకాలు

ఆ రోజుల్లో మా పాలకొల్లులో బియ్యెస్సీ చదివిన ఆడపిల్ల అంటే, ఆ చదువు దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలియకపోయినా, అన్నిటికీ పనికొస్తుందని మాత్రం అందరికీ గట్టి నమ్మకం. నేను రాజమండ్రి హాస్టల్లో ఉండి కెమిస్ట్రీ చదువుకుని ఇంటికి రాగానే, పక్కింటావిడ తోడుకోని పాలగిన్నె పట్టుకొచ్చి ఎందుకు తోడుకోలేదో చెప్పమంది. ఎదురింటి తాతగారు రేడియో గరగరమంటోందని కబురు పంపారు. (వెళ్లాను. వెనక నాలుగు దెబ్బలు తట్టాను. ఆగిపోయింది. గరగర కాదు, రేడియో.) ఇంతటి గౌరవం జరుగుతున్నప్పుడు ఇరవయ్యేళ్ల పిల్ల తనకు నిజంగానే అన్నీ తెలుసని అనుకోవడంలో వింతేముంది. నేనూ అనుకున్నాను. ఆ అనుకోవడం ఎంత దూరం పోయేదో తెలీదు గానీ, మధ్యలో సబ్బు అడ్డం వచ్చింది.

పరీక్షలయ్యాక ఊరికే కూర్చోలేక, రాజమండ్రిలోనే ఒక మహిళా సంఘంవారు సబ్బుల తయారీ నేర్పుతుంటే చేరాను. కొబ్బరినూనె, కాస్టిక్ సోడా, నీళ్లు. సోడాను నీళ్లలో కరిగించి, చల్లారాక నూనెలో సన్నటి ధారగా పోస్తూ, చిక్కబడేదాకా కలిపి, చెక్కపెట్టెలో పోసి మర్నాడు ముక్కలు కోసుకోవాలి. కోసిన ముక్కలు వారాల తరబడి ఆరాలి. ఎంత ఆరితే అంత గట్టి, అంత మెత్తన ఒంటికి. ఇంతే విద్య. ఒకటే ఫార్ములా. దీనికోసమా నేను మూడేళ్లు పిప్పెట్లు నోట్లో పెట్టుకుని పీల్చింది అని నాకు కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

ఇంటికొచ్చి పెరట్లో మొదటిసారి ఆ ఒక్క ఫార్ములాతోనే చేశాను. మా ఇల్లు ఉమ్మడిది. నాన్నకు బజారులో కిరాణా కొట్టు, బాబాయికి కొబ్బరికాయల కమీషను వ్యాపారం. బాబాయి వ్యాపారంలో కాయలు చూసుకునేది గుమాస్తాలు కాబట్టి ఆయనకు మిగతా ప్రపంచాన్ని చూసుకునే తీరిక ఉండేది. నేను సబ్బు కలుపుతుంటే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, మిఠాయిల్లో వేసే రంగులు రెండు పొట్లాలు తెప్పించి, కొంత గులాబీ రంగు, కొంత ఆకుపచ్చ వేయించి, కొంత తెల్లగానే ఉంచమన్నాడు. కొత్త సబ్బు కాబట్టి ఆరడానికి కొట్టు వెనక గదిలో నూనెడబ్బాల పైన పేర్చి, దాని సంగతి అందరం మరిచిపోయాం. ఎందుకు మరిచిపోయామంటే, ఆ సాయంత్రమే నాన్న నన్నో ప్రశ్న అడిగాడు.

"కొట్లో అమ్మకానికి పెడతావా నాన్నా?" అన్నాను నేను.

నాన్న చింతపండు తూకం వేస్తూ, తల ఎత్తకుండా, "ఒకటే రకమా?" అన్నాడు.

మామూలుగా అడిగిన మాటే. కందిపప్పు రెండు రకాలు, బియ్యం ఆరు రకాలు అమ్మేవాడు అలా అడక్క ఇంకెలా అడుగుతాడు. కానీ నాకది నా చదువు మీద వేసిన మాటలాగా తగిలింది. ఇంటికొచ్చి బాబాయితో చెప్పాను. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, "మీ నాన్న అన్నది నిజమేనే తల్లీ. ఒంటి తీరును బట్టి సబ్బు ఉండాలి. ముసలాళ్ల ఒళ్లు వేరు, పసిపిల్లల ఒళ్లు వేరు. ఆడవాళ్ల మొహం వేరు, మగవాళ్ల వీపు వేరు. అందరికీ ఒకటే సబ్బంటే, అందరికీ ఒకటే కొలత చొక్కా కుట్టినట్టు" అన్నాడు. అప్పటికి నాకు ఇది అమోఘమైన శాస్త్రీయ దృక్పథంలా కనిపించింది. రంగు మారిస్తే రకం మారదనీ, నూనె మారితేనే రకమనీ నేను ఒక సవరణ కూడా చేశాను. బియ్యెస్సీ కదా.

అక్కడితో మా పెరడు ప్రయోగశాల అయింది. వేపనూనె సబ్బు చేశాను. అది చర్మవ్యాధులకు మంచిదని పుస్తకాల్లో ఉంటుంది గానీ, దాని వాసనకు ఏది మంచిదో ఉండదు. ఆముదంతో చేశాను, చేతికి అంటుకుంటే వదిలేది కాదు. రైసుమిల్లు నుంచి బాబాయి తవుడునూనె తెప్పించాడు. అది నల్లగా, గాఢంగా, సోడా పడీపడగానే కలపడానికి వ్యవధి ఇవ్వకుండా ముద్దకట్టి, ఎండకు పెడితే జారి, నీడకు పెడితే చెమర్చి, ఎన్నాళ్లకూ గట్టిపడాలన్న ఉద్దేశం చూపించలేదు. ఒకసారి తొందరలో సోడా నీళ్లు అమ్మ సత్తుగిన్నెలో కలిపాను. గిన్నె బుసబుసమని పొంగి, నల్లబడి, అడుగున చిల్లి పడి కూర్చుంది. ఆ రసాయన చర్య నాకు తెలియంది కాదు, పరీక్షలో సమీకరణంతో సహా రాసి మార్కులు తెచ్చుకున్నదే. కానీ సమీకరణంలో అల్యూమినియం అని ఉంటుంది, సత్తుగిన్నె అని ఉండదు.

వీటన్నిటికీ మకుటం సున్నిపిండి సబ్బు. బాబాయి సలహా మీద కొబ్బరినూనెలో సున్నిపిండి వేసి, ఒంటికి నిగారింపు వస్తుందని బెల్లం పాకం కూడా పోశాను. తీపి తగిలితే సోడా సబ్బు అంత వేడెక్కుతుందని అప్పుడే తెలిసింది. పెట్టెలో పోసి వెనక్కి తిరిగే లోపల అది పొర్లి, అంచు దాటి, అరుగు మీదుగా తులసికోట వైపు నడక మొదలుపెట్టింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, "పొంగితే పొంగిందిలే, తూర్పు వైపే పొంగింది" అంది. (ఆవిడ అంతకంటే ఎక్కువ ఎప్పుడూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.)

ఇన్ని తిప్పలూ పడ్డాక తేలిందేమంటే, వేపనూనె గానీ, తవుడునూనె గానీ, బెల్లం గానీ, ఏది పోసినా చివరికి సబ్బు ఒకటే రంగులో వచ్చేది. పాత గోనెసంచి రంగు. నేను రకానికో కాగితం చుట్టి, మీద పేరు రాసి పెట్టాను.

సరిగ్గా అప్పుడే బాబాయి కూతురికి, అంటే నాకంటే ఏడాది పెద్దదైన అక్కకి, పెళ్లి కుదిరింది. భీమవరం సంబంధం, మండుటెండల్లో ముహూర్తం. మగపెళ్లివారికి విడిదిలో సబ్బు, దువ్వెన, పౌడరు, కొబ్బరినూనె అన్నీ మనమే పెట్టాలి కదా. సబ్బులు బజారులో కొనడమేంటి, ఇంట్లో ఫ్యాక్టరీ పెట్టుకుని అని బాబాయి ప్రకటించాడు. నాన్న మొదట ఒప్పుకోలేదు. రెండు రోజులు బాబాయి వెంటపడితే, మూడోరోజు భోజనాల దగ్గర నాతో అన్నాడు.

"చూడమ్మా. వచ్చేవాళ్లు బాగా బతికినవాళ్లు. వాళ్లకు నీ సబ్బు బావుంటే కొట్లో పై అర నీది, నీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకో. బాగోలేదంటే మాత్రం ఇంక ఈ వాసన నా పెరట్లో ఉండకూడదు."

పై అర అంటే మాటలు కాదు. గల్లాపెట్టె వెనకాల, కొట్లోకి ఎవరొచ్చినా ముందు కనబడే చోటు. మా ఇంట్లో ఆడవాళ్లకు పసుపుకుంకాల భరిణెలు ఉన్నాయి, ఇనప్పెట్టెలో నగలు ఉన్నాయి గానీ, ఇది ఫలానా ఆవిడ అర అని బజారులో ఎవరూ చెప్పుకున్నది లేదు.

పెళ్లికి ముందురోజు పక్కవీధి సత్రంలో విడిది సర్దాం. వేప సబ్బు పిల్లలకి చెమటకాయలు రాకుండా, ఆముదం సబ్బు ఆడవాళ్ల తలకి, సున్నిపిండి సబ్బు పెళ్లికొడుక్కి, తవుడునూనెది పెద్దవాళ్లకి అని బాబాయి గదిగదికీ స్వయంగా పంచిపెట్టాడు. మేము ఇటు రాగానే, సత్రం ఊడ్చే మనిషి శుభ్రం మీద మక్కువకొద్దీ కాగితాలన్నీ విప్పి పారేసి, సబ్బులన్నీ ఒకే పళ్లెంలో కుప్పగా పోసి నూతి గట్టు మీద పెట్టాడు. పెళ్లివారు సాయంత్రానికి వచ్చారు. పొద్దున్నే స్నానాలకి లేచారు.

తెల్లారి కాఫీలు పట్టుకుని నేనూ బాబాయీ వెళ్లేసరికి, పెళ్లికొడుకు మేనమామ తడి తువ్వాలుతో నూతి దగ్గర నిలబడి ఉన్నారు. భారీ మనిషి, మీసం కూడా భారీయే. అరచేతిలో గోధుమరంగు ముద్ద ఒకటి పట్టుకుని, ఎంతో మర్యాదగా పిలిచారు.

"బావగారండి, ఒకసారి ఇలా వస్తారా అండి. ఏం లేదండి, చిన్న సందేహం. ఇది రుద్దుకునేదా అండి, నంజుకునేదా అండి?"

బాబాయి ముద్దవైపు చూసి, "సబ్బేనండి" అన్నాడు.

"సబ్బేనాండి. అయితే సరేనండి. మా అక్కగారు తలకి రాసుకున్నారు, దువ్వెన దిగట్లేదంటున్నారు. మావాడైతే లోపల నీళ్లు పోసుకుంటూనే ఉన్నాడండి, వేపనూనె వాసన పోవట్లేదంట. వాడు ఇవాళ పీటల మీద కూర్చోవాలి కదండి. పొలంలో పురుగు పట్టకుండా నిలబెడతామా ఏంటండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి నవ్వలేదు. పక్కనున్న రాతిబల్ల మీద మెల్లగా కూలబడ్డాడు. రెండు నెలలుగా ఒంటి తీరుల గురించి అంత ధారాళంగా మాట్లాడిన మనిషి కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కూతురి పెళ్లిరోజు పొద్దున్నే మగపెళ్లివారి ముందు అలా కూర్చున్న ఆయన్ని చూసేసరికి, నా అర సంగతి కాదు, నాకు అసలు నేల కనబడలేదు. కాఫీ బిందె అక్కడే దింపి, ఎవరు పిలుస్తున్నా వినకుండా బజారుకి పరిగెత్తాను. ఏ కంపెనీ సబ్బులో నాలుగు తెచ్చి పడేద్దామని నా ఉద్దేశం. కొట్టు వెనక గదిలో బుట్ట కోసం వెతుకుతుంటే నూనెడబ్బాల మీద దుమ్ము పట్టి కనిపించాయి, మొట్టమొదట చేసినవి. తెల్లవీ, గులాబీవీ, ఆకుపచ్చవీ. నెలలు ఆరి రాయిలా గట్టిపడి, గీరితే పొడి రాలుతున్నాయి. ఒకటి చేతికి రుద్ది చూసుకున్నాను. నురగ మోచేతిదాకా వచ్చింది. కొంగుతో దుమ్ము తుడిచి బుట్ట నింపుకుని వెనక్కి పరిగెత్తాను.

బుట్టలో మూడు రంగులు చూడగానే బాబాయిలోకి ప్రాణం తిరిగొచ్చింది. లేచి నిలబడి, కండువా సర్దుకుని, "అవి పనివాళ్లకి తెచ్చినవండి, పొరపాటున ఇక్కడ పెట్టారు. మీకోసం చేయించినవి ఇవండి. గులాబీ రంగుది ఆడవాళ్లకి, ఒళ్లు నునుపు తేలుతుంది. ఆకుపచ్చది చలవ చేస్తుందండి, చెమటకాయలకి అదే మందు. తెల్లది పెద్దవాళ్లకి, ఏ దోషమూ లేనిది" అన్నాడు. నేను నోరు తెరిచాను. ఆయన నా కాలు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు.

పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు దగ్గర లేశమాత్రంగా వేపవాసన వచ్చిందని అక్క తర్వాత చెప్పింది గానీ, జీలకర్రబెల్లం వాసనలో కలిసిపోయిందట. మర్నాడు అప్పగింతలయ్యాక మేనమామగారు నన్ను ప్రత్యేకంగా పిలిపించారు. ఆయన వీపంతా చెమటకాయలతో మండిపోయేదట, ఆకుపచ్చ సబ్బు రెండుసార్లు రుద్దుకునేసరికి చేత్తో తీసేసినట్టు పోయిందట. ఊరికి తీసుకెళ్లడానికి డజను కావాలన్నారు.

నాకు చదువుకున్న మనిషిగా ఒక బాధ్యత ఉందనిపించింది. బాబాయి పక్కన లేడు కూడా. "అన్నీ ఒకటేనండి. రంగు ఒక్కటే తేడా. తెల్లది రుద్దుకున్నా తగ్గేదండి" అన్నాను.

ఆయన మీసం కింద నవ్వుకుని, పక్కనున్నాయనతో, "చూశారా అండి, ఎంత చదివినా వర్తకుల పిల్ల వర్తకుల పిల్లేనండి. గుట్టు చెప్పదు" అన్నారు. ఆకుపచ్చవి డజనూ తీసుకునే వెళ్లారు.

నాన్న మాట తప్పే మనిషి కాదు. ఆ వారంలోనే పై అర మీది అగరుబత్తి పెట్టెలు తీయించి తుడిపించాడు. సబ్బులు సర్దుతూ, "ఇంతకీ ఎన్ని రకాలమ్మా?" అన్నాడు.

"ఒకటే నాన్నా" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో కెమిస్ట్రీ చదవనివాళ్లకు చెప్పినా తెలియదు.

నాన్న అర వైపు చూసి, "మూడు వరసలు కనబడుతున్నాయిగా" అని, తెల్లవి ఒక వరస, గులాబీవి ఒక వరస, ఆకుపచ్చవి ఒక వరస పెట్టి, వెళ్లి గల్లా దగ్గర కూర్చున్నాడు. తర్వాత ఆ అర ముందు నిలబడి ఎందరో నన్ను ఏది మంచిదని అడిగారు. అందరికీ నిజమే చెప్పాను. "అన్నీ ఒకటేనమ్మా" అంటే, "ఆకుపచ్చది అయిపోవచ్చిందేమో, దాచుకుంటోంది" అని ఆకుపచ్చదే అడిగి పట్టుకెళ్లేవారు. నిజం చెప్పి ఇంత వ్యాపారం చేసినవాళ్లు మా బజారులో ఇంకెవరూ లేరనుకుంటాను.

రెండేళ్లు అలా సాగింది. తర్వాత నేను బియ్యీడీ చేసి కడియం దగ్గర హైస్కూల్లో టీచరుగా చేరాను. సబ్బు కలిపే తీరిక ఎవరికీ లేకపోయింది, ఆ అర మీదికి బట్టలపొడి ప్యాకెట్లు వచ్చాయి. నాన్న మాత్రం చాలాకాలం, "అమ్మాయి అరలోంచి తియ్యి" అనే కుర్రాళ్లకు చెప్పేవాడట. నాకు అక్క చెప్పింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏటా సబ్బు పాఠం వచ్చేది. నూనె, క్షారం, సబ్బు, గ్లిజరిన్, బోర్డు మీద సమీకరణం, పిల్లలు దించుకోవడం, గంట కొట్టడం. రిటైరయ్యే ముందు ఏడాది, పాఠం అయ్యాక ఒక పిల్ల బెంచీలోనే ఆగిపోయింది. నర్సరీలో మొక్కల పని చేసేవాళ్ల అమ్మాయి.

"మేడమ్, ఇది ఇంట్లో చేసుకోవచ్చాండి?"

"చేసుకోవచ్చమ్మా. పెద్దవాళ్లని పక్కన పెట్టుకుని, కళ్లకి తగలకుండా చెయ్యాలి. కొబ్బరినూనెతో ఒక రకం చెయ్యి."

ఆ పిల్ల మొహం వాడిపోయింది. "ఒకటేనాండి?" అంది.

వివరంగా చెబుదామని నోరు తెరిచాను. ఆ కళ్లలోకి చూస్తే, అప్పటికే అందులో నాలుగైదు రకాలు ఆరబెట్టి ఉన్నాయి. "ముందు ఒకటి చేసి పట్టుకురా, చూద్దాం" అన్నాను. ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. ముసలావిడ, పాతకాలపు చదువు, పాపం ఇంతకంటే ఏం తెలుస్తుంది అనుకుని ఉంటుంది. సంచి భుజానికి తగిలించుకుని, దారంతా ఏవో లెక్కలు వేసుకుంటున్నట్టు వేళ్లు మడుస్తూ వెళ్లిపోయింది. నేను సుద్దముక్క పట్టుకుని, గేటు దాటేదాకా ఆ పిల్లనే చూస్తూ నిలబడ్డాను. ఎంతో కాలానికి కనబడిన స్నేహితురాలు పలకరించకుండా వెళ్లిపోతున్నట్టు అనిపించింది.