టేబుల్ మీద కప్ప

ఆ రోజుల్లో అమీర్‌పేట హాస్టళ్లలో ఎవణ్ణి కదిపినా ఏదో ఒక కంప్యూటర్ కోర్సు పేరు చెప్పేవాడు. నేనొక్కణ్ణే ఎక్స్‌రే తీయడం నేర్చుకుంటున్నాను. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, "పంజగుట్టలో సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్" అనేశాను. (అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మా రూమ్మేటు జావాలో సందేహం అడిగినప్పుడల్లా నాకు కడుపునొప్పి వచ్చేది.)

మా ఎక్స్‌రే సెంటర్లో సీనియర్ని అందరూ భాయ్ అనేవారు. ఆయనదో పద్ధతి. కొత్తవాడు రోగిని ముట్టుకునే ముందు ప్రతి భంగిమలోనూ తానే ఓసారి టేబుల్ మీద పడుకోవాలి. మిషను మాత్రం వేసేవాడు కాదు. "గీ టేబుల్ నీకు సల్లగ తాకితెనే ఆళ్లకెట్లుంటదో ఎర్కైతది," అనేవాడు. భుజాల వరకూ బాగానే గడిచింది. తుంటి దగ్గరకొచ్చేసరికి నాకు వెనక ముడులు వేసే గౌను తొడిగించి, వెల్లకిలా పడుకోబెట్టి, అరికాళ్లు రెండూ కలిపి మోకాళ్లు చెరోపక్కకీ వాల్చమన్నాడు. అచ్చం కప్పే. "ఇంక జర తెర్వు... గట్లనే ఉండు" అంటుండగానే ఆయా తలుపు తీసి, "అర్జెంటు కేసు భాయ్" అంటూ ఒకణ్ణి లోపలికి పంపింది.

వాడు మా రూమ్మేటు. బస్సు ఫుట్‌బోర్డు మీంచి పడ్డాడట. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఏడుస్తున్నవాడు నన్ను చూసి ఏడుపు ఆపేశాడు.

"ఒరేయ్, నీ సాఫ్ట్‌వేర్ ఇదేనట్రా?"

సిగ్గుతో చచ్చిపోయాను. దిగి పారిపోదామంటే గౌను ముడులు ఊడిపోయి ఉన్నాయి. "నీ దోస్తా? అయితే నువ్వే తియ్యి," అన్నాడు భాయ్, ఏమీ జరగనట్టు. ఒక చేత్తో గౌను వెనక పట్టుకుని వాడి దగ్గరకు వెళ్లాను. భుజం కాస్త కదిలితే చాలు, వాడు కేక పెడుతున్నాడు. అలాంటప్పుడు చెయ్యి జోలికి పోకుండా మనిషినే మెల్లగా పక్కకు తిప్పి నిలబెట్టాలి. దానికి నా రెండు చేతులూ కావాలి. గౌను వదిలేశాను. (లోపల నిక్కరుంది లెండి. అయినా ఆయా నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది.)

ఫిల్ములో భుజం కీలు జారినట్టు స్పష్టంగా కనబడింది. డాక్టరుగారు సరిచేసి కట్టు కట్టారు.

మర్నాడు టిఫిన్ దగ్గర తల దించుకుని కూర్చున్నాను, ఇంకాసేపట్లో హాస్టలంతా నన్ను కప్ప అంటుందని. "మావాడు ఎక్స్‌రే తీస్తే నొప్పే తెలీదురా," అన్నాడు వాడు అందరితో. కప్ప సంగతి, అబద్ధం సంగతి ఎత్తనేలేదు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు కొత్తపిల్లలకు నేనే నేర్పుతున్నాను. ముందు నేనే టేబులెక్కి పడుకుంటాను. మోకాళ్లు అప్పట్లా వాలవు, పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటారు. నవ్వనీ. గౌను ముడులు మాత్రం రెండేసి వేయించుకుంటున్నాను.