అత్త కమాను, నా ఎడమచెయ్యి

పాటను వాయించేది తీగ మీద లాగే చెయ్యా, మెట్లు నొక్కే చెయ్యా? కొన్నేళ్ళుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. జవాబు చెప్పగల మనిషి పోయిన వారం పోయింది.

ఆమె మా మేనత్త, నాన్నకు అక్క. వేప్పనపల్లిలో తన ఇంట్లో మధ్యాహ్నం సంగటి తిని, మజ్జిగ తాగి, కాసేపు నడుం వాల్చింది. మళ్ళీ లేవలేదు. ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసినప్పుడు నేను హోసూరులో మా కాలేజీ స్టాఫ్ రూములో ఉన్నాను. అమ్మ పోయింది పాపా అన్నాడు. ఆ ఇంట్లో అందరికీ నేను ఈ వయసులోనూ పాపనే. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "కుడిచెయ్యి బాగానే ఉండెనా?"

బావ ఆశ్చర్యపోలేదు. "పొద్దున దాంతోనే తల దువ్వుకునింది" అన్నాడు.

అప్పుడు నాకు ఊపిరి ఆడింది. ఏడుపు తరవాతెప్పుడో కృష్ణగిరి దాటాక బస్సులో వచ్చింది. చావు కబురు విని ఊపిరి పీల్చుకోవడమేమిటని మీరు అనుకోవచ్చు. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అత్త దగ్గర ఒక బుల్బుల్ ఉండేది. పొడుగాటి పలక, దాని మీద తీగలు, పక్కన టైపు మిషనుకు ఉన్నట్టు మెట్లు. ఎడమచేత్తో మెట్లు నొక్కుతూ కుడిచేత్తో తీగల్ని మీటాలి. మామ ఎప్పుడో బెంగళూరు నుంచి పిల్లల కోసం తెచ్చాడు. పిల్లలు రెండు రోజులు టంగు టంగుమనిపించి వదిలేశారు. అత్త మీటి చూసి, రేకుల మీద వడగండ్లు పడినట్ల ఉండాది, మన పాటకు ఈడ జాగా యాడ అనిందట. ఆమెకు వచ్చినవన్నీ వాళ్ళమ్మ దగ్గర విన్న పాటలు. రాగులు విసిరేటప్పటివి, నాట్లప్పటివి, పెళ్ళిలో నలుగు పెట్టేటప్పటివి. వాటిలో గొంతు ఒకచోట నిలబడి సాగుతుంది. మీటిన తీగ అంతసేపు నిలవదు.

కృష్ణగిరిలో ఫిడేలు నేర్పే ఒకాయన పక్కన పడేసిన, తీగల మీద లాగే పాత కమాను ఆమె చేతికి ఎలా వచ్చిందో నాకు సరిగా తెలియదు. ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. వచ్చాక మాత్రం బుల్బుల్‌కు ఉన్న పక్కతీగలన్నీ పీకేయించి రెండే ఉంచుకుంది. ఆ రెంటి మీద కమాను పెట్టి లాగింది. మొదట్లో అది కీచుమనేది. ఇంటికి ఎవరైనా వస్తే మామ, కూచోండప్పా, లోపల మా ఆడమనిషి కట్టెలు కోస్తా ఉండాది అనేవాడు. కోసిన కట్టెతోనే నీకు సంగటి ఉడికేది అని లోపలినుంచి వినబడేది.

నా చిన్నప్పటికే ఆ కీచు పోయింది. సెలవుల్లో వెళితే పొద్దున్నే రాగులు విసిరే పాట వినిపించేది. కమాను ఇటు వచ్చి, చివర ఒక్క క్షణం నిలిచి, అటు పోయేది. అత్త భుజం విసుర్రాయి తిప్పుతున్నట్టే కదిలేది. నన్ను ఒకసారి లాగి చూడమంది. నేను గట్టిగా అదిమి తోశాను. "తోసేది లేదు పాపా. ఇది రాయి పిడి. దాన్ని తిరగనియ్యాల, నువ్వు దాని ఎంట పోవాల" అంది. నాకు ఏదీ నా వెంట రాకపోతే భయం, నేను దేని వెంట పోవాలన్నా భయం. ఇంక ముట్టుకోలేదు.

మామ పోయిన కొన్నాళ్ళకు ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎడమపక్క పడిపోయింది. మాట మిగిలింది, కుడిచెయ్యి మిగిలింది. చూడ్డానికి వెళితే ఆ కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను చూసినట్టు చూసుకుంటూ ఉంది. బుల్బుల్ అటక మీదికి పోయింది. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. మందులు, నడక, ఫిజియోథెరపీ అన్నీ మాట్లాడాక, నేను బయలుదేరబోతుంటే అడిగింది.

"నీ ఎడమచెయ్యి ఆదివారాలు ఏం జేస్తా ఉండాది?"

అలా మొదలైంది. ప్రతి ఆదివారం కాకపోయినా, వీలైన ఆదివారమల్లా హోసూరు నుంచి బస్సెక్కి వెళ్ళేదాన్ని. పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. మెట్ల మీద నా ఎడమచెయ్యి, తీగల మీద ఆమె కుడిచెయ్యి. పాటలు నా చెవిలో చిన్నప్పటి నుంచీ ఉన్నాయి, వేళ్ళలో లేవు. ఇదా, అదా అని నేను తేల్చుకునేలోపు కమాను దాటిపోయేది. "నీ వేలు వాకిట్లో చెప్పులు ఇడిచి, రమ్మంటే గానీ లోపలికి రాదు కదమ్మే" అనేది. కొన్ని నెలలకు కమాను నా కోసం ఆగడం మానేసింది. లేక నేనే ఆలస్యం చెయ్యడం మానేశానేమో.

ఒక ఆదివారం కమాను కింద పెట్టి, ఎప్పుడూ చెప్పని మాట చెప్పింది. పక్షవాతం ఇంకోసారి రావచ్చని డాక్టరు అన్నాడట. "చావంటే నాకేం లేదు పాపా. ఈ చెయ్యి ముందు పోయి, నేను ఎనక పోతే ఎట్లా? అదొక్కటే బయం." నేను అలాంటిదేం జరగదన్నాను. ఆ మాట మీద నాకే నమ్మకం లేదు. ఆ తరవాత ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నావా అని కాక, చెయ్యి ఎట్లుంది అని అడగడం అలవాటైంది.

బావ కూతురి పెళ్ళి కుదిరినప్పుడు అత్త ఒక్కటే కోరింది. మనవరాలి నలుగుకు తను వాయించాలని. కృష్ణగిరిలో బావ ఇంటి వరండాలో పీట వేసి పిల్లను కూర్చోబెట్టారు. స్పీకర్లో మోగుతున్న సినిమా పాటలు బావ ఆపేశాడు. అత్త కమాను ఎత్తింది. రెండు చుట్లు బాగానే సాగాయి. మూడో చుట్టులో నా వేలు తప్పు మెట్టు మీద పడింది, ఒక మెట్టు పైన. కమాను మాత్రం ఆగలేదు. అత్త ఆ తప్పును ఈ చివర నుంచి ఆ చివరదాకా నిండుగా లాగింది, దాని కోసమే వచ్చినట్టు. పసుపు కలుపుతున్న చేతులు ఆగిపోయాయి. గురుబరపల్లి నుంచి వచ్చిన అత్త తోటికోడలు మెల్లగా, "మాయమ్మ ఇట్లనే ఎత్తుతా ఉండె. యాన్నాడో ఇన్నాను" అంది.

సాయంత్రం అత్తను అడిగాను. అది నేను తప్పు నొక్కినది కదా అని.

"నొక్కింది నువ్వు, లాగింది నేను. ఎవురిదో తేల్చుకుంటా కూచుంటే పిల్లకు పసుపు ఎండిపోయుండును" అని నవ్వింది.

ఆ మీదట ఆ పాట వచ్చినప్పుడల్లా ఆమెకు ఆ మెట్టే కావాలి. నేను సరైనది నొక్కితే కమాను పైకెత్తి, "అది గాదు, పెండ్లినాటిది" అనేది. చివరి ఆదివారం కూడా అలాగే లాగింది. చెయ్యి ఎక్కడా వణకలేదు. హోసూరు తిరిగి వచ్చాక ఈ మాట మా ఇంట్లో వాళ్ళకు చెప్పుకున్నాను. ఆ తరవాత నాలుగు రోజులకే ఫోన్ వచ్చింది. ఆమె భయపడ్డది జరగలేదు. చేతి కన్నా ముందు ఆమే వెళ్ళింది. దుఃఖం ఉంది, కానీ దాని కింద చల్లగా ఏదో పరుచుకుని ఉంది. ఎవరైనా ఏమైనా అనుకోనీ, నాకు అది ఊరటే.

అత్త పోయిన రోజు ఆ ఇంట్లో, ఆమె తోటికోడలి పక్కన కూర్చుని అడిగాను. నిజంగానే వాళ్ళమ్మ అలా పాడేదా అని. "ఏమోమ్మా, ఆ దినం అట్ల ఇనబడింది" అంది.

అత్తను సాగనంపే ముందు బావ కమానును ఆమె కుడిచేతి పక్కన పెట్టాడు. అది ఆమెతోనే పోయింది. బుల్బుల్ పలక నీది పాపా అన్నాడు.

అది ఇప్పుడు మా భోజనాల బల్ల మీద ఉంది. మెట్లున్నాయి, లాగేందుకు ఏమీ లేదు. నిన్న సాయంత్రం టీ చల్లారేదాకా రాగులు విసిరే పాట నొక్కాను. తీగ పలకదు కదా, టక్కు టక్కుమని కొయ్య చప్పుడే. ఆ తరవాత నలుగు పాట మొదలుపెట్టాను. పెండ్లినాటి మెట్టు దగ్గర వేలు ఆగిపోయింది. పక్కన కుర్చీ ఖాళీ. అయినా ఒక కమాను ఈ చివర నుంచి ఆ చివరదాకా పోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ వేలు ఎత్తలేదు. అది తోటికోడలి వాళ్ళమ్మ పాటో, నా తప్పో నాకు తెలియదు. ఇంకొక కమాను కొనాలో వద్దో కూడా తేల్చుకోలేకుండా ఉన్నాను.