మామిడి పూతకి నా ఫిల్మ్ లుక్

నేను తీసిన ఫొటో ఒకటి బంగారుపాళ్యంలో నలుగురూ చూసేచోట పెట్టారండీ! ఆగండాగండి, అభినందనలు అప్పుడే వద్దు. సంగతంతా విన్నాక కూడా బుద్ధి పుడితే చెబుదురుగాని.

ఈమధ్య కెమెరా కొన్నాను కదా. కొన్నాక ఊరికే ఉంటానా? ఫొటో తీశాక కంప్యూటర్లో రంగులు దిద్దుకునేవాళ్లంటే చిన్నచూపు మొదలైంది. కెమెరాలోనే సెట్టింగులు పెట్టాలి, ఫొటో పాత ఫిల్మ్ రీలు మీద తీసినట్టు రావాలి, అదీ కళంటే! యూట్యూబ్‌లో ఒక మహానుభావుడు చలికాలం ఫొటోలకని మొత్తం చెప్పాడు. రంగు తగ్గించు, వెలుతురు పెంచు, గ్రెయిన్ అనే నలుసులు ఫుల్లుగా పెట్టు. ఆయన వెనకాల మోకాళ్లలోతు మంచు. నేను ఆ వీడియో చూసింది తిరుపతిలో, ఫ్యాను కింద. ఆ తేడా నా బుర్రకి తట్టలేదు.

జనవరిలో ఒక ఆదివారం బంగారుపాళ్యంలో అత్తగారింట్లో ఉన్నాం. మామకి తోతాపురి మామిడి తోట ఉంది. పూత చూసి వేలూరు వ్యాపారి ఒకాయన ఏటా గుత్తకి తీసుకుంటాడు. ఈసారి ఆయనకి మోకాలి ఆపరేషన్. రాలేను, ఫొటోలు పంపితే చూసి మాట చెప్తానన్నాడు. పోయినేడు పూతంతా రాలిపోయి మామ బాగా దెబ్బతిన్నాడు. ఈ ఏడు తోట విరగబూసింది. బేరం కుదరాలని అత్తమ్మ కొండకి మొక్కుకుంది కూడా.

మామ ఫోను పట్టుకుని తోటకి బయల్దేరాడు. నేను అడ్డం పడ్డాను.

"ఫోనుతో ఏంది మామా! నా కెమెరా ఉండాది కదా!"

"వద్దులేప్పా, నీకెందుకు శ్రమ."

మర్యాదకి అన్నాడనుకున్నాను. భయంతో అన్నాడని తర్వాత తెలిసింది.

పొగమంచులో పూత కొమ్మలన్నీ ఆ యూట్యూబ్ సెట్టింగులతోనే తీశాను. మా ఆవిడ సుజాత చూసి, "ఏందిది, మా నాయన పెండ్లి ఫొటో మాదిరి ఉండాది?" అంది. పొగడ్తేనని మురిసిపోయాను. మామ కళ్లద్దాలు లేకుండానే వాటిని వేలూరికి పంపేశాడు. కాసేపటికే ఫోను.

"ఏమప్పా, ఇంత మోసమా! పూతంతా బూడిద తెగులే కదా! కొమ్మ నిండా తెల్లగా పొడి! నాకు పోయింది మోకాలు, కండ్లు కాదు!"

మామ అద్దాలు పెట్టుకుని ఫొటో చూశాడు. మొహం పాలిపోయింది. ఏం మందు కొట్టాలో చెప్పమని పురుగుమందుల అంగడాయనకి అదే ఫొటో పంపి, తోటలోకి పరిగెత్తాడు. చూశారా, సొంత చెట్టు కంటే నా ఫొటో మీదే నమ్మకం! అక్కడ పూత నలిపి చూశాడు, అరచెయ్యి చూసుకున్నాడు. పొడి లేదు. మెల్లగా నా వైపు తిరిగాడు.

"అది గ్రెయిన్ మామా. కావాలనే పెట్టిన నలుసులు."

"కావాలనే?"

"ఊఁ."

"సరే, తీసెయ్యి."

"తీసేదానికి కాదు మామా. ఫొటోలోనే కలిసిపోయింటాది. అదే దాంట్లో కళ."

అత్తమ్మ వెనకనించి, "ఆ కళని తిరపతిలోనే పెట్టేసి రాకపోయినావా నాయనా!" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి సుజాత తన పగిలిన ఫోనుతో వ్యాపారికి వీడియో కాల్ చేసింది. ఆయన చెప్పిన కొమ్మనల్లా చూపించింది, పూత నలిపి అరచెయ్యి చూపించింది. తోటంతా తిప్పాక ఆయన మెత్తబడ్డాడు. బేరం కుదిరింది. పెట్టేసేముందు, "ఇందాకటి ఫొటోలు తీసిందెవురప్పా?" అని అడిగాడు.

మామ నా మొహం కూడా చూడలేదు. "ఎవురో, దావన పోయే మనిషి," అన్నాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. పోయిన వారం మామే ఫోన్ చేశాడు. "నీ ఫొటో మందుల అంగడి ముందర ఇంత పెద్దదిగా కట్టినారప్పా, వచ్చి సూసుకో!"

బండేసుకుని వెళ్లాను. నిజమే, నిలువెత్తు ఫ్లెక్సీ! నా పొగమంచు, నా గ్రెయిన్, నా ఫిల్మ్ లుక్కు. పైన ఎర్రక్షరాలతో: 'మీ తోటలో ఇట్లా ఉందా? బూడిద తెగులే! వెంటనే మందు కొట్టండి!'

ముందు నిలబడి చూస్తున్న రైతొకాయన నిట్టూర్చాడు. "పాపం, ఎవురి తోటో!"

"పాపం," అని నేనూ నిట్టూర్చి బండి తిప్పాను.