దగ్గు వినిపించని ఉదయం

బీమా కంపెనీకి వచ్చే ఫోన్లకు జవాబిచ్చే పదకొండు మంది పదకొండు ఇళ్లలో కూర్చుని పనిచేస్తారు. వాళ్లందరికీ పెద్ద ఈ ఇంటి కోడలు. రోజూ తొమ్మిదింటికి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రెండేసి నిమిషాలు మాట్లాడుతుంది. పని ఊసే ఎత్తదు. టీవీ ముందు కూర్చున్న అత్తగారికి అది చూస్తే ఒళ్లు మంట.

"జీతమిచ్చి మరీ కబుర్లు చెప్పిస్తున్నారు, ఏం కంపెనీయో!" అని గొణిగేది.

ఆ రోజు ఏడో ఫోన్‌లో కోడలు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది.

"ఏమ్మా, మీ నాన్నగారి దగ్గు వినిపించడం లేదేంటి?"

అవతల పిల్ల ఏడుపు అత్తగారిదాకా వినిపించింది. "పొద్దున్నే ఆసుపత్రిలో చేర్చామక్కా. అన్నయ్య ఉన్నాడక్కడ. సెలవడగడానికి మొహమాటమేసింది."

"ముందు నువ్వు బయల్దేరు. నీ ఫోన్లు మేమంతా పంచుకుంటాం."

అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పి కోడలి వైపు చూసింది. ఆ పిల్ల ఇంటి గడప కోడలు ఎన్నడూ తొక్కింది లేదు. ఎక్కడో ఒక ముసలాయన దగ్గు ఆగిపోతే ఇక్కడ దీని చెవికెలా తెలిసింది? అదీ ఇంత టీవీ మోతలో!

మర్నాడు తొమ్మిదయ్యేసరికి అత్తగారే టీవీ నోరు మూయించింది.