గరిటెడు పాలకూర

మొన్న వికారాబాద్‌లో మా చిన్నబిడ్డ ఇంట్లో కూర్చుని ఉండగా, మనవరాలు ఉడికిన పాలకూరను అరచేతంత కాంటా మీద పెట్టి, ఇంత కూర కావాలంటే పచ్చి ఆకు ఎన్ని గ్రాములు తేవాలని ఫోనును అడిగింది. అది క్షణంలో చెప్పేసింది. బరువు తగ్గడానికట, లెక్క తప్పకుండా తింటుందట. పైకి నవ్వాను గానీ, ఆ ఒక్క లెక్క తెలియకనే ఒకప్పుడు తాండూరులో నా బతుకు బజారున పడబోయింది.

మా ఆయన నాపరాయి గనిలో కాలు విరిగి మంచాన పడ్డ ఏడాది, ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరాను. నెల రోజులు పని చూస్తానని, ఒక్క పూట కూర తక్కువ పడినా మర్నాడు రానక్కర్లేదని వార్డెనమ్మ ముందే చెప్పింది. ఇంట్లో ఇంకో సంపాదన లేదు. బంట్వారం వైపు కందులు పండించే ఇంట్లో పుట్టినదాన్ని, పప్పు సంగతి నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను, గిన్నెడు పోస్తే మూడు గిన్నెలవుతుంది. ఆకుకూరంటారా, మన ఇళ్లలో దాన్ని ఎప్పుడూ పప్పులోనే వేస్తాం కదా, ఉడికాక ఆకు ఎంత మిగిలిందో ఎవరు చూశారు!

ఆ రోజు గోడకు అంటించిన కాగితంలో పాలకూర వేపుడు, చారు అని ఉంది. పిల్లకు ఇన్ని గ్రాముల కూర వడ్డించాలని రాసి ఉంటే, అది ఉడికిన కూర బరువని తట్టక, అంతే పచ్చి ఆకు తూచి తెచ్చాను. తరిగి వేస్తుంటే బగోనె దాటి కొండలా లేచింది. ఇంత వృథా చేస్తే మాట పడాల్సి వస్తుందని, ఒక గంపెడు ఆకు తిరిగి స్టోరు గదిలో పెట్టించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. చారు పని చూసుకుని వచ్చి మూత తీస్తే, అడుగున నాలుగు వేళ్ల మందాన కూర! ఆ గంపెడు తెద్దామంటే తాళం వార్డెనమ్మ దగ్గర. అడగడమంటే నా తప్పు నేనే ఒప్పుకోవడం.

పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుస కట్టారు. మొదట గరిటె నిండా, తర్వాత సగం, ఆ తర్వాత గరిటె కొసకు అంటినంత. ఇంకో పదిమందికి, ఇంకో ఐదుగురికి అని అనంతగిరి స్వామికి మొక్కుకుంటూనే వడ్డించాను. చివరి పిల్లకు బగోనె గీకినా ఆకు ముక్క రాలేదు. కర్ణాటక సరిహద్దు ఊరి నుంచి వచ్చిన ఏడో తరగతి పిల్ల. నా మొహం వంక ఒకసారి చూసి, వట్టి చారు పోయించుకుని వెళ్లి కూర్చుంది. అప్పుడే వార్డెనమ్మ వచ్చి, అంతమందిలో ఆ పిల్ల పళ్లేన్నే చూసింది.

"ఏమే, నీకు కూర రాలేదా?"

"వచ్చింది మేడం. మస్తుగున్నది, ముందే తినేసిన."

ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడే వండాను, ఏ ఆకు ఎంత తెస్తే ఎన్ని గరిటెలవుతుందో కాంటా లేకుండానే నా చేతికి తెలిసిపోయింది. మర్నాడు ఆ పిల్లకు రెండు గరిటెలు వేయాలని గట్టిగా అనుకున్నాను. తీరా వార్డెనమ్మ ఎదురుగా నిలబడేసరికి భయపడి, అందరికీ వేసినట్టే ఒక్కటే వేశాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే ఏడాది తిరిగింది, వాళ్ల వాళ్లు వచ్చి ఆ పిల్లను తీసుకుపోయారు.

ఇప్పుడు ఏ లెక్క కావాలన్నా ఫోను చెబుతుంది, నాలాంటి కొత్త వంటమనిషి ఎవరూ పొయ్యి ముందు అలా వణకనక్కర్లేదు, మంచిదే, సంతోషమే. ఆ పిల్ల ఎక్కడుందో, పెద్ద ఇల్లాలై తనే పదిమందికి వడ్డిస్తోందేమో. కనబడితే చేతులు పట్టుకుని, నువ్వు నా కోసం అంత ధైర్యం చేశావు, నేను నీ కోసం ఒక్క గరిటె ధైర్యం చేయలేకపోయానని చెప్పుకోవాలని ఉంది.